జైనూర్ చలిని మనమే కొలుద్దాం: తక్కువ ఖర్చులో ఇంటి వాతావరణ కేంద్రం



మన సొసైటీ ప్రతి చలికాలం చెద్దర్లు, స్వెట్టర్లు పంచుతున్న సంగతి మీకు తెలిసిందే. మీరిచ్చిన సొమ్ముతోనే ఆ పని జరుగుతోంది. అందులో మేము చేసిన ఒక పొరపాటును ముందుగా మీ ముందు పెట్టి, ఆ తర్వాత అసలు విషయానికి వస్తాము.

కొన్నేళ్ల కిందట చెద్దర్ల మూటలు గదిలో ఉన్నాయి, పేర్ల జాబితా కూడా తయారుగా ఉంది. "ఇంకా అంత చలి పడలేదు కదా, జనవరి చివర మంచి రోజు చూసి సభ పెట్టి పంచుదాం" అనుకున్నాము. సెల్‌ఫోన్‌లో చూస్తే 13 డిగ్రీలు, 14 డిగ్రీలు అని కనిపించేది. తీరా జనవరి ఆఖరున వాగు ఒడ్డున ఉన్న ఒక గూడేనికి వెళితే, ఒక పెద్దమ్మ చెద్దరు అందుకుని నవ్వుతూ, "సారూ, ఇగం పోయినంక తెచ్చిన్రా?" అన్నది. ఆమె నవ్వింది గానీ మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. డిసెంబరు చివర పది పన్నెండు రాత్రులు ఆ గూడెంలో ఎవరూ కంటినిండా నిద్రపోలేదట. పొయ్యి దగ్గరే కూర్చుని తెల్లవార్చారట. ఆ రాత్రుల్లో చెద్దర్లు మా గదిలో మూటల్లో ఉన్నాయి.

దానం ఇచ్చామా లేదా అన్నది ఒక లెక్క. అవసరమైన రాత్రికి అందిందా లేదా అన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క సరిగా వేయాలంటే చలి ఎక్కడ ఎంత ఉందో మనకు తెలియాలి. అందుకే ఒక చిన్న వాతావరణ కేంద్రం కొన్నాము. దాన్ని వాడుతూ నేర్చుకున్న సంగతులు, ఇంట్లోనో బడిలోనో మస్జిద్ ఆవరణలోనో ఇలాంటిది పెట్టుకోవాలనుకునే వారికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

మన చలి సంగతి

తెలంగాణలో చలి అనగానే ఆదిలాబాద్ జిల్లా పేరు చెబుతారు. చలికాలం పత్రికల్లో సిర్పూర్ యు, తిర్యాణి పేర్లు తరచుగా వస్తాయి. మన జైనూర్ పేరు కూడా ఆ వరుసలో కనిపిస్తుంది. దీనికి కారణం కొండల ఎత్తు మాత్రమే కాదు. ఎత్తు పెరిగేకొద్దీ వంద మీటర్లకు సగటున 0.65 డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. మన కొండల ఎత్తుకు ఆ లెక్కన తగ్గేది రెండు మూడు డిగ్రీలు. మిగతా చలి రాత్రి ఆకాశం వల్ల వస్తుంది.

పగలంతా నేల ఎండను తాగుతుంది, రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా కొంత వేడిని తిరిగి నేల మీదికి పంపుతుంది. మబ్బు లేక, గాలి కదలక, గాలిలో తేమ తక్కువగా ఉన్న రాత్రి ఆ దుప్పటి ఉండదు. నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లటి గాలి బరువుగా ఉంటుంది గనుక నీళ్లలాగే పల్లానికి జారుతుంది. గుట్టల మీది నుంచి మెల్లగా దిగి వాగుల వెంట, లోయల్లో నిలుస్తుంది. అందుకే గుట్ట మీద ఇంటివాళ్ల కంటే వాగు ఒడ్డు గూడెం వాళ్లకే తెల్లవారుజామున ఎక్కువ చలి. చూడటానికి రెండు ఊళ్ల మధ్య కిలోమీటరు దూరమే ఉండవచ్చు, చలిలో తేడా మాత్రం రెండు మూడు డిగ్రీలు ఉండవచ్చు.

సెల్‌ఫోన్ చూపే అంకె మన వాకిట్లో కొలిచినది కాదు. చాలా యాప్‌లు కొన్ని కిలోమీటర్ల మేర ఉన్న గడి మొత్తానికి లెక్క కట్టి ఒకే అంకె చెబుతాయి. ఆ గడిలో మన గుట్టా ఉంటుంది, వాగూ ఉంటుంది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వారికి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వారి అంకెలు నిజంగా కొలిచినవి, అందరూ చూడవచ్చు. అయినా అవి ఆ కేంద్రం ఉన్న చోటు సంగతి చెబుతాయి. మన గూడెం సంగతి మనమే చూసుకోవాలి.

భారత వాతావరణ శాఖ లెక్కలో, మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే తక్కువకో దిగి, ఆ రోజుకు ఉండవలసిన దానికంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పడిపోతే దాన్ని చలిగాలుల తీవ్రత కింద ప్రకటిస్తారు. ఎలాగైనా 4 డిగ్రీలకు చేరితే అలాగే ప్రకటిస్తారు. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. అక్కడ రాత్రిళ్లు సున్నా కిందికి పోతాయి. కానీ అక్కడివారికి ఫిరన్ ఉంది, కాంగ్రీ ఉంది, చలికి తగినట్టు కట్టిన ఇల్లు ఉంది. మన దగ్గర తడికల గోడ, రేకుల కప్పు, పలుచని చీర కొంగు. ఆ ఇంట్లో 8 డిగ్రీలంటే అది చిన్న చలి కాదు.

ఏది కొనాలి

బజారులో మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది, కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరు. రాత్రి ఎంతవరకు దిగింది, పగలు ఎంతవరకు ఎక్కింది అన్న రెండు అంకెలను గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ సిక్స్ 18వ శతాబ్దంలోనే దీన్ని తయారు చేశాడు. ఇప్పుడు అంకెలు చూపే డిజిటల్ రూపంలో వందల రూపాయల్లోనే వస్తుంది. చలి తెలుసుకోవడానికి నిజానికి ఇదే చాలు.

రెండోది, వైర్‌లెస్ కేంద్రం. కొలిచే సెన్సార్ బయట ఉంటుంది, అంకెలు చూపే తెర ఇంట్లో ఉంటుంది. ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ కూడా చెబుతుంది. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. మేము కొన్నది ఇదే.

మూడోది, గాలి వేగం, గాలి దిక్కు, వర్షం కూడా కొలిచే పూర్తి కేంద్రం. దీనికి పది వేలు, ఆ పైన అవుతుంది. వానాకాలం పంటల లెక్క కూడా కావాలనుకునే బడులకు, రైతులకు ఇది మేలు. కేవలం చలి కోసమైతే అంత ఖర్చు అక్కరలేదు.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తెర మీద 8.3 అని దశాంశంతో కనిపించినంత మాత్రాన ఆ అంకె అంత కచ్చితమైనదని అనుకోకూడదు. పెట్టె మీద ప్లస్ ఆర్ మైనస్ ఎంత అని రాసి ఉంటుంది. అది ఒక డిగ్రీ లోపు ఉండాలి, అర డిగ్రీ అయితే ఇంకా మంచిది. కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకునే సదుపాయం తప్పనిసరి, ఎందుకంటే తెల్లవారుజామున లేచి తెర ముందు ఎవరూ కూర్చోరు. వైఫై ఉంటేనే పనిచేసే రకం మన వైపు వద్దు. కరెంటు పోయినా, నెట్ లేకపోయినా అంకె కనిపించాలి. వంద మీటర్ల దూరం పనిచేస్తుందని పెట్టె మీద రాసినా అది ఖాళీ మైదానం లెక్క. మధ్యలో రెండు గోడలు, ఒక రేకుల కప్పు ఉంటే అందులో నాలుగో వంతు దూరం కూడా రాకపోవచ్చు.

చలి దేశాల కోసం చేసిన కేంద్రాలు ఎక్కువ ధరకు అమ్ముతారు. మంచు గడ్డకట్టకుండా వేడి చేసుకునే వర్షమాపకం, మైనస్ 40 వరకు కొలిచే సెన్సార్ వాటిలో ఉంటాయి. మనకు అవి అవసరం లేదు. బ్యాటరీల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. సున్నా కిందికి పోయే లడఖ్ లాంటి చోట్ల లిథియం బ్యాటరీలే వేయాలి. మన చలికి మంచి ఆల్కలైన్ బ్యాటరీలు చాలు, కానీ నవంబరులోనే కొత్తవి వేయాలి. సగం అయిపోయిన బ్యాటరీ సరిగ్గా చలి ముదిరిన రాత్రే మొరాయిస్తుంది.

ఎక్కడ పెట్టాలి

ఇక్కడ మేము రెండో పొరపాటు చేశాము. సెన్సార్‌ను తీసుకుపోయి రేకుల కప్పు అంచుకు కట్టాము. పగలు 40 దాటి చూపింది. డిసెంబరులో 40 డిగ్రీలేమిటని పిల్లలే నవ్వారు. రాత్రి కూడా తప్పే చూపుతుంది, ఎందుకంటే రేకు చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువగా చల్లబడుతుంది. అంటే మేము గాలి చలిని కాక రేకు చలిని కొలిచాము. రెండు వారాల అంకెలు కొట్టివేయవలసి వచ్చింది.

గాలి ఉష్ణోగ్రత కొలవాలంటే సెన్సార్ నీడలో ఉండాలి, దాని చుట్టూ గాలి ఆడాలి. ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే ఎత్తు నేల నుంచి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల వరకు. అంటే సుమారుగా మనిషి ఛాతీ నుంచి తల మీది వరకు. గోడకు, వంటింటి కిటికీకి, సిమెంటు గచ్చుకు, నీళ్ల ట్యాంకుకు దూరంగా, మట్టి నేల మీద ఒక గుంజ పాతి పెట్టాలి.

వాతావరణ శాఖ ఆవరణలో కనిపించే తెల్లటి చెక్క పెట్టెను స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ అనే దీపస్తంభాల ఇంజనీరు దాన్ని రూపొందించాడు. వాలు చెక్కల సందుల్లోంచి గాలి వస్తుంది గానీ ఎండ రాదు. మనం దాన్ని చేతితోనే చేసుకోవచ్చు. పూలకుండీల కింద పెట్టే తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలు ఏడెనిమిది తీసుకోవాలి. అన్నిటికంటే పైదాన్ని తప్ప మిగతావాటికి మధ్యలో సెన్సార్ పట్టేంత రంధ్రం చేయాలి. బోర్లించి, మూడు పొడుగాటి బోల్టులకు గుచ్చి, ఒక్కో పళ్లేనికి మధ్య వేలెడు సందు వదలాలి. సెన్సార్ లోపల వేలాడుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో చేశారు, ఖర్చు మూడు వందల లోపే అయింది. ఆ మర్నాటి నుంచి పగటి అంకెలు దారికి వచ్చాయి.

నిజం చెబుతోందా అని ఎలా తెలుసుకోవాలి

కొత్త కేంద్రాన్ని నమ్మే ముందు పరీక్షించాలి. ఒక గిన్నెలో ఐసును బాగా చితక్కొట్టి నింపి, కొంచెం నీళ్లు పోసి కలిపి పది నిమిషాలు ఉంచాలి. కరుగుతున్న ఐసు నీళ్ల ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు. సెన్సార్‌ను నీళ్లు చొరబడని పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి అందులో ఉంచి అరగంట తర్వాత చూడాలి. సున్నాకు బదులు 0.8 చూపితే, దగ్గరి అంకెల్లో అంత తేడా ఉందని గుర్తుపెట్టుకుని రోజూ తీసివేయాలి.

తేమకు ఉప్పు పరీక్ష ఉంది. ఒక మూతలో వంటుప్పు వేసి, అది తడిసి ముద్దయ్యేటన్ని నీళ్లు మాత్రమే పోయాలి, ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతనూ సెన్సార్‌నూ తగలకుండా ఒకే డబ్బాలో పెట్టి గాలి చొరకుండా బిగించి రాత్రంతా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మన కేంద్రం ఎంత చూపుతోందో చూస్తే దాని తప్పు తెలిసిపోతుంది. ఈ రెండు పరీక్షలూ సైన్సు పాఠాలే. పిల్లల చేత చేయిస్తే పుస్తకంలో చదివినదానికంటే బాగా గుర్తుంటాయి.

రోజూ చదవడమే అసలు పని

రాత్రి చలి సాధారణంగా సూర్యోదయం వేళకు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. వాతావరణ శాఖ వారు ఉదయం 8.30కి రీడింగు తీసుకుంటారు. మనం కూడా అదే సమయం పాటిస్తే వారి అంకెలతో పోల్చుకోవచ్చు. మా దగ్గర ఒక తరగతి పిల్లలు వంతుల వారీగా 8.30కి చదివి నోట్‌బుక్‌లో రాస్తారు. సెలవు రోజుల్లో మౌజన్ సాబ్ ఆ పని చూస్తారు. ఫజర్ అజాన్‌కు లేచే మనిషికంటే చలి సంగతి బాగా తెలిసినవారు ఊళ్లో ఎవరుంటారు?

పుస్తకంలో తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, తేమ, ఆకాశం ఎలా ఉంది, రాసినవారి పేరు అన్న ఆరు గడులు చాలు. ఉదయం కనిపించే కనిష్ఠం ఈ రోజుది, గరిష్ఠం నిన్న మధ్యాహ్నానిది. గరిష్ఠాన్ని నిన్నటి వరుసలో రాయాలి. రాశాక జ్ఞాపకాన్ని చెరిపే మీట నొక్కాలి. అది మరచిపోతే నిన్నటి చలే ఇవాళ కూడా కనిపించి మోసపోతాము. ఒక రోజు చదవకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి, ఊహించి నింపకూడదు. మా పిల్లలకు మొదట నేర్పిన నియమం ఇదే.

అంకె చూశాక ఏం చేయాలి

అంకెలు పుస్తకంలోనే ఉండిపోతే డబ్బు దండగ. మా కమిటీ ఇలా నిర్ణయించుకుంది. వాగు ఒడ్డు కేంద్రంలో కనిష్ఠం 12కు దిగితే మూటలు విప్పి జాబితా ప్రకారం సర్దాలి. వరుసగా రెండు రోజులు 10కి దిగితే సభ కోసం ఎదురుచూడకుండా పంపిణీ మొదలుపెట్టాలి. 8 కంటే తగ్గితే ఆ సాయంత్రమే ఒంటరి వృద్ధుల ఇళ్లకు, బాలింతల ఇళ్లకు మనిషి వెళ్లి చూసి రావాలి. ఇవి మా సౌకర్యానికి పెట్టుకున్న హద్దులు. మీ ఊరికి తగినట్టు మీరు మార్చుకోవచ్చు.

ఎవరికి ముందు అన్నది కూడా తెలియాలి. పసికందు ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే తగ్గకూడదు. తల్లి గుండెకు చర్మం తగిలేలా హత్తుకుని, పైన చెద్దరు కప్పి, బిడ్డ తలకు టోపీ పెట్టడం మంచి మార్గం. మన ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. చలి తగిలితే ఆ పిల్లలకు ఎముకల నొప్పులు తిరగబెడతాయి. హాస్టల్లో అలాంటి పిల్లలుంటే వారికి గోరువెచ్చని నీళ్లు, స్వెట్టరు, తాగడానికి సరిపడా నీళ్లు తప్పనిసరి. నొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తెల్లవారుజామున మోటారు సైకిల్ మీద ఉట్నూర్ వెళ్లేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నా, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒంటికి అది 6 డిగ్రీల చలిలా తగులుతుంది. ముందు కూర్చోబెట్టుకున్న పిల్లవాడికీ అంతే తగులుతుంది.

ఇంకొక హెచ్చరిక. చలి పెరిగిన కొద్దీ కుంపటి గదిలోకి వస్తుంది. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చెద్దరు ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పి రావాలని మా కార్యకర్తలకు చెప్పాము.

కేంద్రం రేపటి సంగతి చెప్పదు. వాతావరణ శాఖ హెచ్చరికలే మనకు ఆధారం. అయితే సాయంత్రం ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆగి, తేమ బాగా తక్కువగా కనిపిస్తే ఆ రాత్రి చలి ముదురుతుందని ఊహించవచ్చు. మబ్బు పడితే కొంత ఊరట.

చివరిగా

మన మండలంలోని మార్లవాయికి 1940లలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు, ఆయన భార్య బెట్టీ వచ్చి గోండుల మధ్యే గుడిసెలో కాపురమున్నారు. ఎక్కడి నుంచో వచ్చిన వారిని ఇక్కడివారు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆమె సమాధి ఆ ఊళ్లోనే ఉంది. దగ్గరుండి చూసినవారికే ఊరి కష్టం తెలుస్తుందనడానికి వారు సాక్ష్యం. ఇక్కడే పుట్టి పెరిగిన మేము ఫోన్‌లో అంకె చూసి చలి లేదనుకున్నాము.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఒక్క కేంద్రం. ఒకటి వాగు ఒడ్డున, ఒకటి గుట్ట మీద, ఒకటి జైనూర్‌లో ఉంటే ఏ గూడేనికి ముందు వెళ్లాలో స్పష్టంగా తెలుస్తుంది. మిగతా రెండింటికీ పళ్లేలు, గుంజలు, బ్యాటరీలు కలుపుకున్నా అయ్యే ఖర్చు పాతిక ముప్పై చెద్దర్ల ధరకు మించదు. చెద్దర్ల సొమ్ములోంచి అది తీయడం మాకు ఇష్టం లేదు. సదఖా కింద ఎవరైనా విడిగా ఇవ్వదలిస్తే కమిటీని కలవగలరు. డబ్బు ఇవ్వలేనివారు రోజూ ఉదయం 8.30కి ఒక అంకె రాసిపెట్టగలిగితే అదీ సేవే. యంత్రం కొనడం సులువు, దాన్ని చలికాలమంతా చదివే మనిషి దొరకడమే కష్టం.

ఆ పెద్దమ్మ ఈసారి చెద్దరు అందుకునే వేళకు ఇగం ఇంకా మొదలు కాకూడదు. ఇన్‌షా అల్లాహ్, నవంబరులోనే ఆమె గడప తొక్కుతాము. మీ దుఆలలో మమ్మల్ని, ఈ కొండల్లో చలికి వణికే ప్రతి ఇంటినీ గుర్తుంచుకోవలసిందిగా మనవి.